ముంజేతి మీద పైడికంటి

రోడ్డు నంబరు ముప్పైయారు సందుల
మూడో అంతస్తు తలుపు కాడ నా స్టూలు.
చేతిల రబ్బరు ముద్ర,
ముద్రల పైడికంటి పిట్ట.
సిరా కండ్లకు ఆనదు,
లోపల నీలి లైటు కింద నిలబడితేనే
రెక్కలిప్పుతదట.
"ఇంట్లోళ్లకు కనబడదు కదా, అక్కా?"
వారానికి నలభై మంది అడుగుతరు.
"కన్నతల్లికి గూడ కనబడదు, పో బిడ్డా."

బేస్తవారం క్విజ్జు.
కండ్లద్దాలోళ్లు వస్తరు, తాగుడు తక్కువ, కొట్లాట ఎక్కువ.
శుక్రవారం నవ్వించెటోళ్లు.
ఒక పిలగాడు మైకు పట్టుకొని
ఎప్పుడూ వాళ్ల నాయిన మీదనే జోకులేస్తడు.
ఓనాడు ఆ నాయినే టికెట్ కొనుక్కొని వచ్చిండు.
ముద్ర కోసం చాపిన చెయ్యి వణికింది.
లోపల నవ్విండో లేదో నాకెరుక లేదు.
శనివారం సంగతి చెప్పనే వద్దు,
లిఫ్టు కాడి నుంచే అత్తరు, చెమట,
ఆగలేని చెప్పుల చప్పుడు.

తలుపు తెరిస్తే పాట మీద పడ్తది.
మూస్తే తెగుతది.
నాలుగేండ్లల ఒక్క పాటా మొత్తం వినలే,
అన్నీ తలుపు వెడల్పు ముక్కలే.
కట్‌పీసుల లెక్క ఇంటికి తెచ్చుకుంట,
బియ్యం ఏరుకుంట
ఒకదానికొకటి అతుకుతదా అని చూస్త.
అతకదు.

మొన్న బెర్లిన్ నుంచి పాటలు కలిపే ఆమె వచ్చింది.
పేరు ఉల్‌రీకె.
నోరు తిరగక మేము ఉల్లక్క అన్నం.
ఒంటిగంటకు పోలీసు విజిలు,
పాట మెడ పట్టి ఆపినట్టు ఆగింది.
ఉల్లక్క మెట్ల మీద కూలబడి అడిగింది,
"మా ఊర్ల తెల్లారినంక గూడ ఆట నడుస్తది,
మీ పట్నం ఇంత జల్ది పండుకుంటదా?"
బౌన్సర్ ఖుర్షీద్ నాకు మాట మార్చి చెప్పిండు,
ఆమెకు జవాబూ ఆయనే ఇచ్చిండు:
"పండుకునుడా? ఇప్పుడే కదా లేస్తది."

ఇలియాస్ ఆటోల ముగ్గురం ఇరుక్కున్నం.
తీగల వంతెన మీద
రంగురంగుల వెలుగుల ఫొటోలు దిగెటోళ్లు,
వాళ్లను ఎల్లగొట్టే జీపు,
జీపు పోంగనే మళ్లీ వాళ్లే.
నాంపల్లిల బండి కాడ
పెనం నిండ వెన్న,
ఉల్లక్క దోశెను రెండు చేతులతోని తిన్నది.
గుడిమల్కాపూర్‌ల లారీలు దిగుతున్నయి,
బంతిపూల మూట మీద కూసుంటే
హమాలీ అరిచిండు, "ఓ మేడం, జరుగు జర!"
ఆమెకు ఆ ఒక్క మాట తెలుగు పట్టుబడ్డది.
తొవ్వ పొడుగూత
కుక్కలకు, బస్సులకు, పోలీసోళ్లకు
అదే చెప్పుకుంట వచ్చింది: జరుగు జర.

నాలుగున్నరకు
ఇరానీ హోటల్ షటర్ సగం లేసింది.
వంగి దూరినం.
కౌంటరు మీద ఈగల్ని చంపే నీలి డబ్బా
చిటచిటమంటుంది.
చాయ్ అందుకోను చెయ్యి చాపిన.
నా ఐదు వేళ్లు భగ్గుమన్నయి.

గోటి సందుల, అరచేతి గీతలల్ల,
కొంగు చివర గూడ
ఆకుపచ్చ వెలుగు.
నాలుగేండ్ల సిరా.
నేను లోపల అడుగు పెట్టనే లేదు,
లోపలి వెలుగు మాత్రం
నాతోని బస్సెక్కింది, పిండి పిసికింది,
నా బిడ్డకు జడలేసింది,
ఒక్కనాడూ చెప్పలే.

ఉల్లక్క ఏం అనలే.
తన ముంజేతిని నా చెయ్యి పక్కన పెట్టింది.
ఒక్కటే పిట్ట, అదీ సగమే పడ్డది.
వెనుక బల్ల కాడి నుంచి
కాలేజీ సంచి తగిలించుకున్న పిలగాడు
బిస్కట్ల కోసం చెయ్యి చాపిండు.
వాని మణికట్టు మీద గూడ లేసింది
పూరా పైడికంటి.
గబుక్కున అంగీ చెయ్యి గుంజుకున్నడు.
"ఇంట్ల కనబడదు లే, బిడ్డా" అన్న.
నన్ను గుర్తు పట్టలే వాడు,
స్టూలు మీద ఉంటేనే కదా నేను.

ఖుర్షీద్ పైసలు కట్టిండు,
ఇలియాస్ బయట హారన్ కొట్టిండు.
చాయ్ సల్లారిందాక
నేను చెయ్యి తియ్యలే.
ఈగలు రాలుతనే ఉన్నయి.